ఊరు వెలేసినా వెనక్కి తగ్గని జడ్జి

ఆయన పుట్టిందీ, చదివిందీ, నల్లకోటు వేసిందీ ఒకే ఊళ్లో. ఎనిమిది తరాలుగా ఆ ఇంటిపేరంటే అక్కడ గౌరవం. అలాంటి మనిషిని అరవై ఐదేళ్లు దాటాక ఆ ఊరే వెలేసింది. పలకరించేవాళ్లు లేరు. విందుకి పిలిచేవాళ్లు అసలే లేరు. ఇంటి మీద రాళ్లు పడ్డాయి. ఆయన చేసిన తప్పల్లా ఒకటే... రాజ్యాంగంలో ఉన్నదాన్ని ఉన్నట్టు చదవడం.

ఆయన జూలియస్ వేటీస్ వేరింగ్. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం, చార్ల్‌స్టన్ నగరంలో ఫెడరల్ జిల్లా జడ్జి.

మెట్టు మెట్టుగా...

1880 జులై 27న పుట్టారు. పూర్వీకులు బానిసల్ని ఉంచుకున్నవాళ్లు. తండ్రి అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం తరఫున పోరాడారు. వేరింగ్ 1900లో చార్ల్‌స్టన్ కాలేజీలో డిగ్రీ పూర్తిచేశారు. లా కాలేజీ గడప తొక్కలేదు. లాయరు ఆఫీసులోనే చదువుకుని 1902లో వకీలయ్యారు. 1914 నుంచి 1921 వరకు ఫెడరల్ ప్రభుత్వ సహాయ న్యాయవాదిగా, 1933 నుంచి నగరపాలక సంస్థ న్యాయవాదిగా పనిచేశారు. 1938లో జాత్యహంకారిగా పేరుమోసిన సెనేటర్ ఎలిసన్ స్మిత్ ఎన్నికల ప్రచారంలో పాలుపంచుకున్నారు. అప్పటిదాకా ఊరి పద్ధతికి ఎదురు తిరిగింది లేదు.

మన దగ్గర జిల్లా జడ్జిని హైకోర్టును సంప్రదించి గవర్నరు నియమిస్తారు. వయసు నిండితే రిటైర్‌మెంట్. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో వేరు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదించాలి, సెనేట్ ఒప్పుకోవాలి. ఒకసారి కుర్చీలో కూర్చుంటే జీవితాంతం ఉండొచ్చు. తీర్పు నచ్చలేదని జీతం తగ్గించడం కుదరదు. తీసేయాలంటే పార్లమెంటులో అభిశంసన జరగాల్సిందే. రూజ్‌వెల్ట్ ప్రతిపాదించగా 1942 జనవరిలో వేరింగ్ ఆ కుర్చీ ఎక్కారు. అప్పటికి ఆయన వయసు 61.

కళ్లు తెరిపించిన కేసు

1944లో నల్లజాతి టీచర్లకూ తెల్లవాళ్లతో సమానంగా జీతాలివ్వాలని ఆదేశించారు. మరుసటి ఏడాది భార్యకు విడాకులిచ్చి, ఉత్తరాది నుంచి వచ్చిన ఎలిజబెత్‌ను పెళ్లాడారు. ఊరి పెద్దలు మొహం చాటేయడం అప్పుడే మొదలైంది.

మనసును కుదిపేసింది మాత్రం ఐజాక్ వుడార్డ్ కేసు. యుద్ధం ముగించుకుని యూనిఫాంతోనే ఇంటికి బయల్దేరిన నల్లజాతి సైనికుడతను. 1946 ఫిబ్రవరిలో బస్సు డ్రైవరుతో మాటామాటా పెరిగింది. బేట్స్‌బర్గ్‌లో కిందికి దింపి పోలీసులు కొట్టిన దెబ్బలకి రెండు కళ్లూ పోయాయి. ఆ ఊరి పోలీసు అధికారిపై నవంబరులో వేరింగ్ ముందే విచారణ జరిగింది. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ అరగంటలోపే నిర్దోషిగా తేల్చేసింది. ఎలిజబెత్ కన్నీళ్లతో బయటికి వెళ్లిపోయారు. ఆ తర్వాత దంపతులిద్దరూ జాతి సమస్యపై పుస్తకాలు తెప్పించుకుని చదవడం మొదలెట్టారు. తన కోర్టు హాల్లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ వేరువేరు సీట్లుండే పద్ధతిని వేరింగ్ ఎత్తేశారు.

ఓటు... ఆపై బడి

ఆ రోజుల్లో అక్కడ డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీయే అసలు ఎన్నిక. అందులో నల్లవాళ్లకి ఓటు లేదు. పార్టీ అంటే ప్రైవేటు క్లబ్బు లాంటిదని నాయకుల వాదన. 1947 జులైలో వేరింగ్ దాన్ని కొట్టేశారు. ఓటేయాలంటే జాతుల వేర్పాటును సమర్థిస్తామని ప్రమాణం చేయాలంటూ పార్టీ కొత్త మెలిక పెట్టింది. 1948లో దాన్నీ కొట్టేశారు. ఆ ఆగస్టులో దాదాపు 35 వేల మంది నల్లజాతీయులు ఓటేశారు.

ఊరు భగ్గుమంది. అభిశంసించాలని సంతకాలు సేకరించారు. టికెట్ కొనిచ్చి దంపతుల్ని రాష్ట్రం దాటించాలని శాసనసభలో తీర్మానం పెట్టారు. 1950 మార్చిలో ఇంటి ముందు శిలువ తగలబెట్టారు. అక్టోబరులో రాళ్లు రువ్వారు. ఫెడరల్ మార్షల్స్ కాపలా పెట్టాల్సివచ్చింది. ఎంత చేసినా కుర్చీ మాత్రం లాగలేకపోయారు. జీవితకాలపు నియామకం ఎందుకో అప్పుడు తెలిసొచ్చింది.

ఇంతలో క్లారెండన్ కౌంటీ కేసు వచ్చింది. తెల్లపిల్లల బడులకు 30 బస్సులుంటే నల్లపిల్లలకు ఒక్కటీ లేదు. మొదట తల్లిదండ్రులు అడిగింది ఓ బస్సు. తర్వాత సమాన సౌకర్యాలు. పిటిషన్‌పై సంతకం పెట్టినందుకు పెట్రోలు బంకులో పనిచేసే హ్యారీ బ్రిగ్స్ ఉద్యోగం ఊడింది. ఆయన భార్య పనీ పోయింది. 1950 నవంబరులో వారి లాయరు తర్గుడ్ మార్షల్‌కు వేరింగ్ దారి చూపారు. సౌకర్యాల సంగతి కాదు, బడుల్ని జాతివారీగా విడదీయడాన్నే సవాలు చేయమన్నారు. అలా చేస్తే ముగ్గురు జడ్జీల బెంచి వినాలి. అక్కడ ఓడినా అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్తుంది.

1951 జూన్‌లో ఓడారు. ఇద్దరు జడ్జీలు విడదీయడం చెల్లుతుందన్నారు. వేరింగ్ ఒక్కరే కాదన్నారు. ఎంత మంచి భవనం కట్టిచ్చినా పిల్లల్ని విడదీస్తే అదే అసమానతని ఇరవై పేజీల్లో రాశారు.

ఓడిన తీర్పే గెలిచింది

1952 ఫిబ్రవరిలో విధుల నుంచి తప్పుకుని న్యూయార్క్ వెళ్లిపోయారు. 1954 మే 17న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కమాటగా బడుల్లో వేర్పాటు చెల్లదన్నారు. బ్రౌన్ కేసుగా పేరొందిన ఆ తీర్పులో కలిసిన కేసుల్లో క్లారెండన్‌ది ఒకటి.

1968 జనవరి 11న, 87వ ఏట వేరింగ్ కన్నుమూశారు. అంత్యక్రియలు చార్ల్‌స్టన్‌లోనే. సుమారు రెండొందల మంది నల్లజాతీయులు వచ్చారు. తెల్లవాళ్లు పన్నెండు మంది కూడా లేరు.

2014లో అక్కడి కోర్టు ఆవరణలో ఆయన విగ్రహం వెలిసింది. ఆ న్యాయ భవనానికి అప్పటిదాకా మాజీ సెనేటర్ ఎర్నెస్ట్ హోలింగ్స్ పేరుండేది. తన పేరు తీసేసి వేరింగ్ పేరు పెట్టమని హోలింగ్సే కోరారు. 2015లో పేరు మారింది. ఊరు గెంటేసిన మనిషి పేరే ఇప్పుడు ఆ ఊరి న్యాయస్థానానికి చిరునామా.