ఉలి వదలని గాయకుడు

వెల్లింగ్టన్ నుంచి ఉత్తరంగా సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే ఓటకి అనే చిన్న ఊరొస్తుంది. 2022 డిసెంబరులో కొత్త ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాక బండ్లన్నీ ఊరి పక్కనుంచే వెళ్లిపోతున్నాయి. సైటు పని మీద ఆ దారిలో నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఒకసారి నాతోపాటు బండిలో ఉన్న మావోరి వడ్రంగి పెద్దాయన, ఇది ఇనియా తె వియాటా పుట్టిన ఊరని చెప్పాడు. ఆయనెవరని అడిగాను. ఘంటసాల ఎవరని అడిగినవాణ్ని మనం ఎలా చూస్తామో, పెద్దాయన నన్ను అలా చూశాడు. ఆ సిగ్గుతోనే తర్వాత ఆయన సంగతులన్నీ వెతికి చదువుకున్నాను. మనలాంటివాళ్లు తెలుసుకోవాల్సిన మనిషి అనిపించి రాస్తున్నాను.

ఇనియా 1915 జూన్ 10న పుట్టాడు. తండ్రి మావోరి, చిన్నతనంలోనే పోయాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడే బాగా పాడేవాడు. గొంతు మారే వయసొచ్చాక చాలామంది కుర్రాళ్లకి ఉన్న పాట పోతుంది. ఇతనికి మాత్రం గొంతు దిగి దిగి పాతాళంలాంటి మంద్రంలో ఆగింది. ఇంగ్లీషువాళ్లు బాస్ అంటారే, ఆ గొంతన్నమాట.

కానీ పాట అన్నం పెట్టే రోజులు కావు అవి. 1930ల్లో వైకాటో నది ఒడ్డున న్గారువావాహియా అనే ఊళ్లో తె పుయా హేరంగి అనే మావోరి పెద్దావిడ తమ జాతికి మళ్లీ ఒక కేంద్రాన్ని నిలబెడుతోంది. యుద్ధాలు, భూముల స్వాధీనాలు, ఫ్లూ మహమ్మారి, అన్నీ చూసిన జనం వాళ్లు. చేతిపనులు మరుగున పడిపోతుంటే కుర్రాళ్లను పిలిపించి చెక్కడం నేర్పించింది. ఇనియా అక్కడ చేరి ఉలి పట్టాడు. తర్వాత ఫ్రీజింగ్ వర్క్స్‌లో, అంటే గొర్రెల్నీ పశువుల్నీ కోసి మాంసాన్ని చలిగదుల్లో నిలవచేసి విదేశాలకు పంపే ఫ్యాక్టరీలో కూలికి పనిచేశాడు. ఆ పని చేసినవాళ్లు నా సైట్లో ఇద్దరున్నారు. చలి, తడి, రక్తం వాసన. అక్కడ పాడే ఓపిక మిగిలిందంటేనే నాకు ఆశ్చర్యం.

కచేరీల్లో ఆ గొంతు విన్నవాళ్లు ఇది లండన్ వెళ్లాల్సిన గొంతన్నారు. 1947లో ఓడెక్కాడు. అప్పుడు వయసు 32. అప్పటికే పెళ్లయింది, పిల్లలున్నారు. ఆ కాపురం చివరిదాకా నిలవలేదు. తర్వాతి కాలంలో బెరిల్ అనే నటిని రెండో పెళ్లి చేసుకున్నాడు. ఇది దాచిపెట్టి గొప్పలు మాత్రమే రాస్తే, కుటుంబాన్ని ఊళ్లో ఉంచి వచ్చినవాళ్లు చదివే పేజీలో అది అబద్ధమవుతుంది.

లండన్ ట్రినిటీ సంగీత కళాశాలలో చదువు, ఆ తర్వాత ఒపెరాలో శిక్షణ. ఒపెరా అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోండి. కథంతా పాటలోనే నడుస్తుంది, మైకు ఉండదు. డెబ్బై ఎనభైమంది వాయిద్యాలు మోగిస్తుంటే వాటిమీదుగా గొంతు చివరి వరసదాకా చేరాలి. ఆ పాటకు పెద్ద గుడిలాంటిది లండన్‌లోని కోవెంట్ గార్డెన్. 1951 డిసెంబరు 1న అక్కడ బ్రిటన్ అనే సంగీతకారుడి ‘బిల్లీ బడ్’ మొదటిసారి ఆడినప్పుడు, డాన్స్‌కర్ అనే ముసలి నావికుడి పాత్ర మన ఇనియాది. 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకం సందర్భంగా రాణి ముందు ఆడిన ‘గ్లోరియానా’లో గుడ్డి గాయకుడి పాత్ర. మాంసం ఫ్యాక్టరీ నుంచి అక్కడికి ఎంత దూరమో చూడండి.

ఆయన్ని మామూలు జనానికి దగ్గర చేసింది మాత్రం 1960లో లండన్ కొలీసియంలో ఆడిన ‘ద మోస్ట్ హ్యాపీ ఫెల్లా’. అందులో ఆయనే హీరో. పాత్ర పేరు టోనీ, ఇటలీ నుంచి కాలిఫోర్నియా వలసవెళ్లి ద్రాక్షతోట పెట్టుకున్న వయసుమళ్లినవాడు. ఉత్తరాలతో ఒక అమ్మాయి మనసు గెలుచుకుని, తన ఫొటో పంపడానికి సిగ్గేసి, అందంగా ఉండే తన ఫోర్‌మన్ ఫొటో పంపిస్తాడు! ఇక గొడవే గొడవ. మ్యాట్రిమోనీ సైట్లకు పదేళ్లనాటి ఫొటోలు పెట్టే మనవాళ్లు ఈ కథ తప్పకుండా తెలుసుకోవాలి.

1965లో న్యూజిలాండ్ ఒపెరా కంపెనీ ‘పోర్గీ అండ్ బెస్’ ఆడినప్పుడు పోర్గీగా పాడటానికి ఇంటికొచ్చాడు. కాళ్లు పనిచేయని బీద నల్లవాడి పాత్ర అది. ఆ నాటకంలో పాడినవాళ్లు చాలామంది మావోరీలే. మావోరి పాటల రికార్డులు కూడా ఇచ్చాడు. మా వడ్రంగి పెద్దాయన ఫోన్లో ఉన్నవి అవే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. లండన్ హేమార్కెట్‌లో న్యూజిలాండ్ హౌస్ అనే 18 అంతస్తుల భవనం 1963లో మొదలైంది. దాని లోపల నిలబెట్టడానికి పెద్ద చెక్కడపు స్తంభం, మావోరీలో పోఉయిహి, కావాలనుకున్నారు. ఆ పని ఇనియాకి ఇచ్చారు. 1964లో మొదలుపెట్టాడు. ఎత్తు సుమారు 15 మీటర్లు. మాను తోటర. మన టేకుకి ఉన్నంత మర్యాద ఇక్కడ దానికుంది. తేలిగ్గా ఉంటుంది, త్వరగా పుచ్చదు, ఉలికి లొంగుతుంది, పెద్ద పడవలు దానితోనే తొలిచేవాళ్లు. ఓటకిలో 1851 నాటి రంగియాటేయా చర్చికి వాడిందీ ఈ తోటరే. ఆ చర్చి 1995లో కాలిపోతే 2003కి మళ్లీ కట్టుకున్నారు.

భవనం నేలమాళిగలో ఆయన చెక్కేవాడు. పాట కార్యక్రమాలున్నప్పుడు వెళ్లి పాడి, తిరిగొచ్చి మళ్లీ ఉలి. ఈ లెక్కన సంవత్సరాలు పట్టింది. నేను సూపర్‌వైజర్ని, ఇలాంటి పనికి గడువు వేయమంటే ఏం వేస్తానో నాకే తెలీదు. పాటలో పేరొచ్చాక చేతిపని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఈయన మాత్రం తె పుయా దగ్గర నేర్చింది పాతికేళ్ల తర్వాత, భూగోళానికి అవతలి పక్కన, కిటికీ లేని చోట కూర్చుని తీశాడు. నేను మూడేళ్లనుకుని వచ్చి తొమ్మిదేళ్లయింది. మా నాన్న నేర్పిన పనుల్లో నా చేతికి ఇంకా ఎన్ని వచ్చో ఆ రాత్రి లెక్కేసుకున్నాను. గట్టిగా మూడు.

పని పూర్తవకముందే కేన్సరొచ్చింది. 1971 జూన్ 26న లండన్‌లోనే పోయాడు. 56 ఏళ్లు. అదే ఏడాది డిసెంబరు 1న, ‘బిల్లీ బడ్’ మొదటి ఆట జరిగి సరిగ్గా 20 ఏళ్లయిన రోజున, అదే కోవెంట్ గార్డెన్‌లో కిరి తె కనావా అనే మరో మావోరి గొంతు ‘ఫిగారో’లో పాడి ప్రపంచానికి తెలిసింది. ఇనియా కూతురు రీమా ఇక్కడ పేరున్న నటి.

మిగిలిన చెక్కడం వేరేవాళ్లు పూర్తిచేశారు. 1972లో స్తంభాన్ని ఆవిష్కరించారు. లండన్‌లో నాకు తమ్ముడి వరసయ్యేవాడు ఒకడున్నాడు. హేమార్కెట్ వైపు వెళ్లినప్పుడు కాస్త కనుక్కుని చెప్పరా అని నాలుగు నెలల క్రితం అడిగాను. ఇంకా వెళ్లలేదు.