లెప్రకాన్ కథలను దాచిపెట్టిన గుమాస్తా - తామస్ క్రాఫ్టన్ క్రోకర్

లంకెబిందెల కథ వినకుండా పెరిగిన తెలుగుబిడ్డ వుండడు. పాడుబడిన గుడి వెనుకనో, పాతకోట గోడ కిందనో బిందెలనిండా బంగారం వుందనీ, దానికి పాము కాపలా కాస్తున్నదనీ, రాసిపెట్టి లేనివాడు తవ్వితే బొగ్గులే చేతికి వస్తాయనీ మన అవ్వలు చెబుతూనే వచ్చారు. రాజపాళయం, సత్రపట్టి ప్రాంతాలలో స్థిరపడిన మన పెద్దలు తెలుగుగడ్డ నుంచి తెచ్చుకున్న మూటలలో ఇటువంటి కథలు కూడా వున్నాయి. ఆ మూటకు తూకం లేదు, సుంకం లేదు. ఎవరూ విప్పి చూడకపోతే చెదలు మాత్రం తప్పదు.

మనకు ఐదువేల మైళ్ళకు పైబడిన దూరంలో, ఐర్లండు ద్వీపంలో కూడా ఇటువంటి ధనరక్షకుడు వొకడున్నాడు. అతని పేరు లెప్రకాన్. మోకాలెత్తు ముసలివాడు. వృత్తి చెప్పులు కుట్టడం. పొదల చాటున వొంటరిగా కూర్చుని టకటకమని సుత్తితో కొడుతూ వుంటాడు. ఆ చప్పుడే అతణ్ణి పట్టి యిస్తుంది. పట్టుకున్నవాడు రెప్పవేయకుండా చూస్తూ వుంటే అతడు తాను పాతిపెట్టిన బంగారం చోటు చెప్పక తప్పదు. కాని ఏదో మాయమాట చెప్పి చూపు మళ్ళిస్తాడు. మరుక్షణం మాయమవుతాడు. ఈనాడు ఆకుపచ్చ కోటుతో, పొడవాటి టోపీతో ఈ మరుగుజ్జు బొమ్మ లోకమంతటా కనబడుతుంది. పొలం గట్ల మీద చెప్పుకునే అతని కథలను అచ్చులోకి తెచ్చి లోకానికి పరిచయం చేసినవారిలో మొదట చెప్పుకోదగినవాడు తామస్ క్రాఫ్టన్ క్రోకర్. ఆయన పండితుడు కాడు, కవిచక్రవర్తి కాడు. నౌకాదళ కార్యాలయంలో గుమాస్తా.

క్రోకర్ 1798 జనవరి 15 వ తేదీన దక్షిణ ఐర్లండులోని కార్క్ పట్టణంలో జన్మించాడు. మన వేమన పద్యాలను వెదకి వెదకి అచ్చువేయించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను కూడా ఆ సంవత్సరమే నవంబరులో కలకత్తాలో పుట్టాడు. వొకే యేట పుట్టిన ఈ యిద్దరూ ఇతరులు పనికిరావని పారవేసిన వాటిని యేరి దాచిపెట్టడం విచిత్రమే. క్రోకర్ తండ్రి సైన్యంలో మేజరు. పిల్లవానికి బడిచదువు అంతగా అబ్బలేదు. పదహారేళ్ళ వయస్సు వచ్చేసరికే క్వేకర్ మతస్థులైన వర్తకుల దగ్గర పని నేర్చుకోవడానికి చేర్చారు. పగలంతా జమాఖర్చులు. తీరిక దొరికితే మాత్రం చేతిలో బొమ్మల పుస్తకం పట్టుకుని పల్లెలు తిరిగేవాడు. పాత సమాధులు, కోటలు, శిలాశాసనాలు చూసి బొమ్మలు వేసుకునేవాడు. ముసలివాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది రాసుకునేవాడు. 1812 మొదలు నాలుగేళ్ళపాటు ఇట్లా దక్షిణ ఐర్లండు పల్లెలు గాలించాడు.

1813 జూన్ 23 వ తేదీన ఆయన గూగన్ బారా అనే సరస్సు దగ్గర జరిగే తిరునాళ్ళకు వెళ్ళాడు. కొండల నడుమ చిన్న చెరువు, దానిలో వొక లంక, ఆ లంకలో పూర్వం వొక మహాత్ముడు తపస్సు చేసిన చోటు. వేలజనం మొక్కులు తీర్చుకోవడానికి వచ్చేవారు. అక్కడ విన్న శోకగీతం ఆయన మనస్సును పట్టుకుంది. చనిపోయినవారి గుణగణాలు వర్ణిస్తూ ఆడవాళ్ళు ఆశువుగా రాగం తీసి ఏడ్వడం ఐర్లండులో ఆచారం. తమిళసోదరులు ఒప్పారి అనేది అటువంటిదే. మన పల్లెలలోనూ శోకాలు పెట్టి ఏడ్వడం వుంది. పెద్దయింటి చదువరులు మోటుదనమని ముఖం తిప్పుకునే ఆ ఏడుపులో కవిత్వం వున్నదని పదిహేనేళ్ళ కుర్రవాడు గుర్తించాడు. ఆయన జీవితానికి అదే మలుపు.

అప్పట్లో ఐర్లండు పాటలతో పేరుపొందిన తామస్ మూర్ కవికి క్రోకర్ తాను పోగుచేసిన పాత వరసలు కొన్ని పంపించాడు. మూర్ వాటికి సంతోషించి ఆయనను తన యింటికి ఆహ్వానించాడు. అదే 1818 లో తండ్రి మరణించాడు. ఇరవై యేళ్ళ క్రోకర్ బతుకుతెరువు కోసం సముద్రం దాటి లండను చేరవలసివచ్చింది. ఇంటిపేరు వొకటే అయినా బంధుత్వం లేని తండ్రి స్నేహితుడు జాన్ విల్సన్ క్రోకర్ నౌకాదళ కార్యాలయంలో గుమాస్తా వుద్యోగం యిప్పించాడు. ఆ కొలువులో ఆయన 1850 వరకు, ముప్పైయేళ్ళు పైగా వున్నాడు. పుట్టినవూరు విడిచి పరాయిదేశంలో పొట్టపోసుకుంటూ, వదలివచ్చిన వూరి కథలనే రాత్రుళ్ళు దీపం ముందు కూర్చుని రాసుకున్నాడు. ఆ అవస్థ మనబోటి ప్రవాసులకు వేరే చెప్పనక్కరలేదు.

1821 లో ఆయన మళ్ళీ స్వదేశం వెళ్ళి సంచారం చేశాడు. ఆ ప్రయాణంలో వెంట వున్న చిత్రకారుల కుటుంబంలోని మేరియన్ నికల్సన్ అనే ఆమెను 1830 లో వివాహమాడాడు. ప్రయాణఫలితంగా 1824 లో దక్షిణ ఐర్లండు విశేషాలను గురించి వొక పెద్ద గ్రంథం వచ్చింది. మరుసటి యేడు, అంటే 1825 లో, దక్షిణ ఐర్లండు దేవతల కథలు, సంప్రదాయాలు అనే అర్థం వచ్చే పేరుతో చిన్న పుస్తకం వెలువడింది. దాని మీద రచయిత పేరు లేదు. క్రోకర్ కీర్తి అంతా ఆ పేరులేని పుస్తకం మీదనే నిలిచింది.

అందులో లెప్రకాన్ వర్గానికి వొక భాగం ప్రత్యేకించాడు. కార్క్ ప్రాంతపువాడు కనుక క్లూరికాన్ అనే తన వూరి పేరునే వాడాడు. కెర్రీలో లూరికాన్, టిప్పరెరీలో లూరిగడాన్, లీన్‌స్టర్ వైపు లెప్రకాన్, ఇట్లా సీమకొక పేరు. గుణాలలో కూడా కొద్దికొద్ది తేడాలు. క్లూరికాన్ ధనవంతుల సారాయి కొట్లలో దూరి పీపాలు ఖాళీచేసే తాగుబోతు కూడాను.

ఆ భాగంలోని వొక కథ సంగ్రహంగా చెప్పుకుందాం. తామ్ అనే రైతుబిడ్డ వొక పండుగనాడు కంచె పక్కన సుత్తిచప్పుడు విని ఈ మరుగుజ్జును పట్టుకున్నాడు. బెదిరించి, విడవకుండా ఎత్తుకుని, బంగారం చూపమన్నాడు. వాడు వొక పెద్ద బీడులోకి తీసుకుపోయి, అక్కడ పెరిగిన వేలాది పసుపుపూల మొక్కలలో వొకదానిని చూపించాడు. తవ్వడానికి పార లేదు. తామ్ తన ఎర్ర కాలిపట్టీ విప్పి ఆ మొక్కకు గురుతుగా కట్టి, దానిని ముట్టుకోనని మరుగుజ్జు చేత వొట్టు వేయించుకుని, పార కోసం యింటికి పరుగెత్తాడు. తిరిగివచ్చి చూస్తే ఆ బీటిలో ప్రతి మొక్కకూ వొక ఎర్రపట్టీ కట్టివుంది. మరుగుజ్జు వొట్టు తప్పలేదు. తామ్ కట్టిన పట్టీని వాడు ముట్టుకోనేలేదు. మన తెనాలి రామలింగడు వింటే మెచ్చుకునే యుక్తి!

ఈ పుస్తకం వచ్చిన కొద్దిరోజులలోనే జర్మనీలో జానపదకథలకు గురువులైన గ్రిమ్ సోదరులు, యాకోబ్, విల్‌హెల్మ్, దానిని తమ భాషలోకి అనువదించి 1826 లో ప్రకటించారు. ఐర్లండు ముసలమ్మ పొయ్యిదగ్గర చెప్పిన కథ ఐరోపా పండితుల బల్లమీదికి చేరింది. స్కాట్లండు మహారచయిత వాల్టర్ స్కాట్ ఆయనకు మెచ్చికోలు జాబు రాశాడు. 1826 లో లండనులో క్రోకర్‌ను కలుసుకున్నప్పుడు, ఆయన మరుగుజ్జువలె పొట్టివాడనీ, డేగవలె చురుకైన చూపు గలవాడనీ తన దినచర్యలో రాసుకున్నాడు. పొట్టివాళ్ళ కథలు పోగుచేసినవాడు తానూ పొట్టివాడే కావడం చూసి స్నేహితులు నవ్వుకుని వుంటే ఆశ్చర్యం లేదు.

ఇంతటి మనిషికీ మచ్చ లేకపోలేదు. ఆ పుస్తకం మొదటి వ్రాతప్రతి పోయిందట. అప్పుడు విలియం మాగిన్, తామస్ కైట్లీ మొదలైన మిత్రులు తలా కొన్ని కథలు రాసి సాయపడ్డారు. పుస్తకానికి పేరువచ్చాక అది క్రోకర్ వొక్కడి పేరునే చెలామణి అయింది. కైట్లీ దీనికి నొచ్చుకున్నాడు. 1828 లో తానే వేరొక దేవతాకథల గ్రంథం ప్రకటించాడు. తరువాత 1834 లో వచ్చిన ముద్రణలో క్రోకర్ కొన్ని కథలు తీసివేశాడు. సాయపడినవారి పేర్లు ముందే వొక పుటలో అచ్చువేసి వుంటే ఈ వివాదమే వుండేది కాదు. కథ చెప్పిన పల్లెజనం మాట సరేసరి. వాళ్ళ పేర్లను పట్టించుకున్నవారు అరుదు. పైగా క్రోకర్‌కు ఐరిష్ భాషలో పాండిత్యం లేదు. ఇంగ్లీషు చదువరుల నవ్వుకోసం పల్లెవాళ్ళ యాసకు రంగు పులిమాడనే విమర్శ కూడా వుంది. ఆ విమర్శ న్యాయమైనదే.

అయినా ఆయన రాయకపోతే ఏమయ్యేదో ఆలోచించాలి. 1845 లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. ఏడేళ్ళ కరువులో సుమారు పదిలక్షలమంది చనిపోయారు. మరి పదిలక్షలమంది ఓడలెక్కి దేశాంతరం పోయారు. ఎక్కువగా నష్టపోయినవారు ఐరిష్ మాట్లాడే బీదపల్లెలవారు. అంటే క్రోకర్‌కు కథలు చెప్పినవాళ్ళు, వాళ్ళ బిడ్డలు. ఆ యిళ్ళలో పొయ్యి ఆరిపోయింది, కథ ఆగిపోయింది. కరువుకు ముప్పైయేళ్ళ ముందు వొక కుర్రవాడు రాసుకున్న కాగితాలలో ఆ గొంతుకలు, కొంత వక్రంగానైనా, మిగిలాయి.

లెప్రకాన్ పుట్టుక క్రోకర్‌కు తెలిసినదానికంటె చాలా పాతది. సుమారు 8 వ శతాబ్దినాటి ఫెర్గుస్ మాక్ లేటి అనే రాజు కథలో ఈ జాతివారు మొదట కనబడతారు. రాజు సముద్రతీరాన నిద్రపోతూ వుంటే ఈ చిన్నవాళ్ళు ఆయనను నీళ్ళలోకి ఈడ్చుకుపోబోయారు. చన్నీళ్ళు తగిలి మేలుకున్న రాజు వాళ్ళలో ముగ్గురిని పట్టుకుని, నీటి అడుగున తిరిగే శక్తి వరంగా పుచ్చుకున్నాడు. అక్కడ చెప్పులూ లేవు, బంగారమూ లేదు. లుఖొర్పాన్ అనే ఆనాటి పేరుకు చిన్నదేహం గలవాడని చాలాకాలం అర్థం చెప్పారు. ఆ పేరు రోమనుల లూపెర్కి అనే ఉత్సవబృందం పేరునుంచి వచ్చిందని 2019 లో కేంబ్రిడ్జి, బెల్‌ఫాస్టు పండితులు ప్రతిపాదించారు. జనం మాత్రం ఆ మాటను వొంటిచెప్పు అనే అర్థం వచ్చేట్టు విరిచి చెప్పుకున్నారు. ఎప్పుడు చూసినా వొక్క చెప్పునే కుడుతూ వుంటాడు గదా! ఆకుపచ్చ కోటు కూడా తరువాత వచ్చినదే. 19 వ శతాబ్ది రచయితలు కొందరు ఎర్రకోటు తొడిగారు. కథకూడా మనిషివలెనే కాలానికి తగిన బట్ట కట్టుకుంటుంది.

మన పురాణాలలో బొటనవ్రేలంత వాలఖిల్యులున్నారు. కుబేరుని నిధులు కాచే యక్షులు, గుహ్యకులు వున్నారు. అంతమాత్రాన ఇవన్నీ వొకచోటనే పుట్టాయని తొందరపడి తేల్చరాదు. కష్టపడేవాని చేతికి అందినట్టే అంది జారిపోయే ధనం యే దేశంలోనైనా వుంది. మగ్గం దగ్గర పుట్టి పెరిగినవారికి అది మరీ బాగా తెలుసు.

క్రోకర్ ఆ తరువాత 1829 లో కిలార్నీ సరస్సుల కథలను, 1839 లో ఐర్లండు జనపదాల పాటలను, 1844 లో చిన్ననాడు తనను కదిలించిన ఆ శోకగీతాలను గ్రంథాలుగా ప్రకటించాడు. 1840 లో పాత పాటలను అచ్చువేయడానికి ఏర్పడిన పెర్సీ సంఘం స్థాపకులలో ఆయన వొకడు. 1854 ఆగస్టు 8 వ తేదీన లండనులో తన యింట కన్నుమూశాడు. వయస్సు యాభైయారు. బ్రాంప్టన్ శ్మశానవాటికలో ఆయనను సమాధి చేశారు.

ఆయన మొదలుపెట్టిన పనిని ఐర్లండు మరువలేదు. 1888 లో కవి యేట్సు కూర్చిన దేవతాకథల సంపుటంలో క్రోకర్ సేకరణలు చేరాయి. 1937 మొదలు 1939 వరకు ఆ దేశపు ప్రభుత్వం వొక మంచిపని చేసింది. సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలకు నోటుపుస్తకాలిచ్చి, యింటిలో తాతను, అవ్వను అడిగి కథలు రాసుకురమ్మన్నది. సుమారు 50,000 మంది పిల్లలు రాశారు. ఈసారి కథ చెప్పినవారి పేరు, వూరు కూడా రాయించారు. క్రోకర్ చేసిన తప్పును దేశమే దిద్దుకున్నట్లయింది. మన తెలుగునాట నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటివారు ఇట్లాగే జానపదుల నోటిమాటను ప్రాణప్రదంగా పోగుచేశారు.

మన సంగతి ఏమిటి? ఇంట తెలుగు మాట్లాడుతాం, బడిలో తమిళం చదువుతాం. నోట వున్న భాషకు చేత అక్షరం లేని పిల్లలు మన వీధులలో యెందరో వున్నారు. అవ్వ చెప్పిన కథ అవ్వతోనే పోతున్నది. తెలుగులిపి రాకపోతే తమిళలిపిలోనైనా సరే రాసుకోవచ్చు. మాట మనదే గదా. ఈ వుగాదినాడు పచ్చడి తిని, పంచాంగం విన్నాక ప్రతి యింటిలో వొక పిల్లవాడు పెద్దల దగ్గర కూర్చుని వొక్క కథ అడిగి రాసుకుని, దాని కింద చెప్పినవారి పేరు రాస్తే చాలు. లెప్రకాన్ మీదనుంచి చూపు మళ్ళిస్తే బంగారం పోతుందన్నారు. పెద్దల మీదనుంచి చూపు మళ్ళించినా పోయేది అటువంటి బంగారమే.