కుర్చీ ఇద్దరిది... పేరు ఒక్కరిదా?

డాక్టరుగారి క్లినిక్‌లో మన నంబరు పిలిచేదాకా కూర్చుంటామే, సన్నటి ఇనప కాళ్ల మీద ఒంపు తిరిగిన ప్లాస్టిక్ కుర్చీ! వీపు ఆనే చోటు, కూర్చునే చోటు రెండూ కలిసి ఒకే డిప్పలా ఉంటాయి చూడండి. ఆ తరహా కుర్చీలకు పెద్దక్కలాంటిది 1950లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఫైబర్‌గ్లాస్ కుర్చీ. దాని ఫొటో మొదటిసారి చూసినప్పుడు కింద చార్లెస్ ఈమ్స్ అని ఒక్క పేరే ఉంది. మరోచోట చార్లెస్, రే ఈమ్స్ అని రెండు పేర్లు కనిపిస్తే అన్నదమ్ములేమో అనుకున్నాను. ఆ రోజుల్లో అమెరికాలోనే అలా పొరబడ్డవాళ్లు ఉన్నారట. రే ఆయన భార్య అని తెలిశాక కాస్త సిగ్గేసింది. ఆ రెండో పేరు ఆడమనిషిది కావచ్చన్న ఆలోచన, ఆడదాన్నయి ఉండి కూడా నాకెందుకు రాలేదు? అందుకే ఆవిడ కథ మీతో చెప్పాలనిపించింది.

పెళ్లికి ముందే చిత్రకారిణి

ఆవిడ అసలు పేరు బెర్నీస్ అలెగ్జాండ్రా కైజర్. 1912 డిసెంబరు 15న కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో పుట్టారు. రే అన్నది ముద్దుపేరు. 1933లో కాలేజీ చదువు ముగించుకుని న్యూయార్క్ వెళ్లి, హాన్స్ హాఫ్‌మన్ అనే పేరున్న చిత్రకారుడి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. 1936లో అక్కడ నైరూప్య చిత్రకారులంతా కలిసి సంఘం పెట్టుకుంటే, తొలి సభ్యుల్లో రే ఒకరు. అంటే భర్త దగ్గర పని నేర్చుకున్న మనిషి కాదన్నమాట.

1940లో తల్లి పోయారు. ఆ ఏడే రే మిషిగన్ రాష్ట్రంలోని క్రాన్‌బ్రూక్ ఆర్ట్ అకాడమీలో చేరారు. అక్కడ పాఠాలు చెప్పే చార్లెస్, తన స్నేహితుడు ఎయిరో సారినెన్‌తో కలిసి ఒక పోటీకి కుర్చీలు తయారుచేస్తుంటే, డ్రాయింగుల పనిలో రే చెయ్యి కలిపారు. మర్నాడు ఏడు చార్లెస్ మొదటి భార్య నుంచి విడిపోయారు. 1941 జూన్ 20న రేని పెళ్లి చేసుకున్నారు. కొత్త కాపురం లాస్ ఏంజిలెస్‌లో.

ఇంట్లోనే కార్ఖానా

పగలు చార్లెస్ సినిమా స్టూడియోలో సెట్ల విభాగంలో పనిచేసేవారు. రాత్రయితే ఇద్దరూ అద్దింట్లోనే చెక్కతో కుస్తీ! పల్చటి చెక్క పొరలకు జిగురు రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, అచ్చులో పెట్టి వేడిచేసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి వంచేవారు. ఆ యంత్రానికి కజామ్ అని పేరు పెట్టుకున్నారు. మన గారడీవాళ్ల ఛూమంతర్ లాంటి మాటన్నమాట. చెక్కను ఒక పక్కకి వంచడం పెద్ద కష్టం కాదు. గిన్నెలా అన్ని పక్కలకీ వంచబోతేనే పగులుతుంది. అదీ చిక్కు.

ఇంతలో యుద్ధం. కాలు విరిగిన సైనికులకు కట్టే లోహపు బద్దలు, మోసుకెళ్లేటప్పుడు అదిరి గాయాన్ని ఇంకా రేపేవి. ఈమ్స్ దంపతులు 1942లో అమెరికా నౌకాదళం కోసం తేలికైన ప్లైవుడ్ బద్ద రూపొందించారు. అచ్చుకు చార్లెస్ కాలే కొలత! చెక్క బిగిసి పగిలే చోట కంతలు వదిలారు. అలాంటివి దాదాపు లక్షా 50 వేలు తయారయ్యాయి. ఆ అనుభవంతోనే కుర్చీ పని తెమిలింది. ఒకే ముక్కగా వంచితే పగులుతోందని, వీపుకొకటి, కూర్చోడానికొకటి విడివిడిగా వంచి, మధ్యలో రబ్బరు బిళ్లలు పెట్టి బిగించారు. ఆ ప్లైవుడ్ కుర్చీనే 1999లో టైమ్ పత్రిక శతాబ్దపు మేటి డిజైన్‌గా ఎంచింది.

వెనకా? పక్కనా?

1946లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆ కుర్చీలను ప్రదర్శనకు పెట్టింది. ప్రదర్శన పేరులో చార్లెస్ ఒక్కరే! 1956లో వాళ్ల తోలు వాలుకుర్చీని టీవీలో చూపించినప్పుడు కూడా, రేని ఆయన వెనకున్న సమర్థురాలిగానే పరిచయం చేశారు. పాపం చార్లెస్ మాత్రం పని ఇద్దరిదీ అని చెబుతూనే ఉండేవారు. వినేవాళ్లేరీ?

రంగు, ఒంపు, అమరిక... వీటిలో రే కన్ను చాలా నిశితం. 1949లో కట్టుకున్న ఇల్లే చూడండి. ఫ్యాక్టరీలో దొరికే ఉక్కు చట్రాలు, గాజు పలకలతో పసిఫిక్ పాలిసేడ్స్‌లో కట్టారు. పగలు దీపం అక్కర్లేనంత వెలుతురు. గోడల మీద యూకలిప్టస్ చెట్ల నీడలు. లోపల బొమ్మలు, గవ్వలు, గులకరాళ్లు, పూలు. కొత్తకాలం ఇల్లంటే బోసిగా ఉండక్కర్లేదని ఆవిడ చేసి చూపించారు. 2025 జనవరిలో ఆ ప్రాంతాన్ని కార్చిచ్చు చుట్టుముట్టినా ఆ ఇల్లు నిలిచింది.

మన చెంబుకు మెప్పు

అన్నట్టు, ఈ దంపతులకూ మనకూ సంబంధం ఉందండోయ్! భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగి, 1958లో ఒక నివేదిక రాసిచ్చారు. మనం రోజూ నీళ్లు ముంచుకునే చెంబును అందులో తెగ మెచ్చుకున్నారు. చేతికి, నడుముకి, తలకి, నీళ్ల బరువుకి అన్నిటికీ కుదిరేలా తరతరాలుగా తీరిన వస్తువన్నారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వెలసింది. 2015లో ఆంధ్రప్రదేశ్‌కూ అలాంటి సంస్థ వచ్చింది. ఆ నివేదిక మీద మాత్రం ఇద్దరి పేర్లూ ఉన్నాయి!

1978 ఆగస్టు 21న చార్లెస్ పోయారు. ఆ తర్వాత రే పదేళ్లపాటు ఇద్దరి పనికీ సంబంధించిన లక్షల ఫొటోలు, కాగితాలు సర్ది, అమెరికా జాతీయ గ్రంథాలయానికి చేర్చే పనిలో ఉన్నారు. సరిగ్గా పదేళ్లకు, 1988 ఆగస్టు 21నే ఆవిడా కన్నుమూశారు.

ఇప్పుడు ఆ కుర్చీలు అమ్మేచోట ఇద్దరి పేర్లూ వేస్తున్నారు. 2008లో అమెరికా తపాలా శాఖ ఇద్దరి పేరా బిళ్లలు కూడా తెచ్చింది.

మా వీధి చివర టిఫిన్ సెంటరుంది. బోర్డు మీద ఆయన పేరే. పొద్దున్నే పిండి రుబ్బేది, చట్నీ ఉప్పు చూసేది ఆవిడ. ఇదివరకు ఆ బోర్డు వంక చూసేదాన్నే కాదు. మొన్న చూశాను. రెండో పేరుకి చోటుంది!