సమ్మెను నమ్మని నాయకుడి చేతిలో మహా సమ్మె: కార్ల్ లెగీన్

1920 మార్చి 13 తెల్లవారుజామున తిరుగుబాటు దళాలు బెర్లిన్‌లోకి ప్రవేశించాయి. వాటిపై కాల్పులు జరిపేందుకు సైన్యం సిద్ధపడలేదు. అధ్యక్షుడు ఎబర్ట్, మంత్రుల్లో ఎక్కువ మంది డ్రెస్డెన్‌కు, అక్కడి నుంచి స్టుట్‌గార్ట్‌కు తరలిపోయారు. కార్మిక నాయకుడు కార్ల్ లెగీన్ మాత్రం రాజధానిలోనే ఉండి సార్వత్రిక సమ్మె నడిపించారు. రైళ్లు ఆగాయి. కరెంటు, నీళ్లు, పత్రికలు ఆగాయి. దాదాపు 1.2 కోట్ల మంది పని మానేశారని అంచనా. తానే ఛాన్సలర్‌నని ప్రకటించుకున్న వోల్ఫ్‌గాంగ్ కాప్ నాలుగు రోజులకే చేతులెత్తేశాడు.

విచిత్రమేమిటంటే, సార్వత్రిక సమ్మె అన్న మాటనే లెగీన్ ఏళ్ల తరబడి వ్యతిరేకించారు.

ఆయన 1861లో పశ్చిమ ప్రష్యాలోని మారియెన్‌బర్గ్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. చిన్నప్పుడే తల్లిదండ్రులను కోల్పోయి అనాథాశ్రమంలో పెరిగారు. చెక్కను లేత్ మీద మలిచే పని నేర్చుకున్నారు. 1887లో ఆ పనివాళ్ల సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1890లో సోషలిస్టులపై నిషేధ చట్టం ముగిశాక, సంఘాలన్నిటినీ కలిపే జనరల్ కమిషన్ పగ్గాలు ఆయనకు దక్కాయి. అప్పుడు సుమారు 3 లక్షలున్న సభ్యులు 1913 నాటికి 25 లక్షలు దాటారు.

చందాలు, సమ్మె నిధి, నిరుద్యోగ భృతి.. లెగీన్‌ది లెక్కల బుర్ర. 1905 రష్యా విప్లవాన్ని చూసి రోజా లక్సెంబర్గ్ వంటివారు రాజకీయ సమ్మె కావాలంటే, కూడబెట్టిందంతా జూదంలో ఒడ్డడమే అవుతుందని ఆయన భయపడ్డారు. సంఘాల సమ్మతి లేకుండా అలాంటి సమ్మె ఉండదని 1906లో సోషల్ డెమోక్రాటిక్ పార్టీ చేత ఒప్పించారు.

సంస్థను కాపాడుకోవాలన్న ఆ తపనే 1914లో ఆయన్ను యుద్ధం వైపు నిలబెట్టింది. సంఘాలు సమ్మెలు ఆపేశాయి. ఆయన జీవితంలో చెరగని మచ్చ ఇదే.

1918 నవంబర్ 15న, విప్లవం వీధుల్లో ఉండగా, పారిశ్రామికవేత్త హ్యూగో స్టిన్నెస్ బృందంతో ఒప్పందం చేసుకున్నారు. కార్మికులకు 8 గంటల పనిదినం, సంఘాలకు గుర్తింపు, సామూహిక వేతన ఒప్పందాలు దక్కాయి. జాతీయీకరణ భయంతో ఉన్న యజమానులకు ఊపిరి దక్కింది. ఫ్యాక్టరీ యజమానులను ఆయనే గట్టెక్కించారన్న వామపక్షాల విమర్శను కొట్టిపారేయలేం. తర్వాత స్టిన్నెస్ తన ఓడల్లో ఒకదానికి లెగీన్ పేరు పెట్టుకున్నాడు.

కాప్ పారిపోయినా లెగీన్ వెంటనే సమ్మె విరమించలేదు. రక్షణ మంత్రి నోస్కె తప్పుకోవాలని, కుట్రదారులను శిక్షించాలని షరతులు పెట్టారు. ఛాన్సలర్ పదవికి తన పేరే వినిపించినా తీసుకోలేదు. నోస్కె వెళ్లిపోయారు. మిగతా హామీల్లో చాలావరకు కాగితం మీదే ఉండిపోయాయి. తిరుగుబాటుదారులపై తుపాకి ఎత్తని సైన్యమే, కాప్‌ను ఎదిరించి ఆయుధాలు పట్టిన రూర్ కార్మికులను అణచివేసింది.

అదే ఏడాది డిసెంబర్ 26న లెగీన్ కన్నుమూశారు. మూడేళ్లకే 8 గంటల నిబంధన సడలింది. 1933లో హిట్లర్ గద్దెనెక్కినప్పుడు, ఆయన వారసుడు థియోడర్ లైపార్ట్ నాయకత్వం సమ్మెకు పిలుపివ్వలేదు. సంస్థను కాపాడుకుందామని, నాజీలు జరిపే మే డే వేడుకలకు వెళ్లమని సభ్యులకు చెప్పింది. మరుసటి రోజు ఉదయం నాజీ దళాలు సంఘాల కార్యాలయాలను ఆక్రమించి లైపార్ట్‌ను అరెస్టు చేశాయి.