వాటం లేని కాలు

బడిపంతులుగా జీవితం ప్రారంభించి భారతదేశపు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకులైన మహనీయులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, నగరంలోని మరికొన్ని పాఠశాలల్లోను బోధించారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, బాలుర ఆటల బాధ్యతను స్వీకరించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, తుదివరకు ఆ పదవిలోనే కొనసాగారు.

బాలుర కోసం ఆయన ఏర్పరచిన పోటీలు విలక్షణమైనవి. ఒక పోటీలో వాటం లేని కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలితో గోల్ వెంట గోల్ చేయగల మొనగాడు కూడా అక్కడ తడబడక తప్పదు. మరొక పోటీలో బంతిని ఒక్కడే కాలికి అంటిపెట్టుకొని పరుగెత్తడం నిషిద్ధం. సహచరునికి అందించి తీరాలి. గెలుపు ఒక్కటే కోరే పాఠశాల, ఉన్న ఒక్క బలవంతుని మీద భారం వేసి నెట్టుకురావడం లోకంలో ఉన్నదే. అట్టి జట్టుకు ఆ ఏడు కప్పు దక్కవచ్చు. కాని ఆ బలవంతుని రెండవ కాలు ఆట నేర్వదు. తక్కిన పదిమందికి బంతే అందదు. రహీం పోటీలలో కప్పు ఎవరిదైనా, ఆడిన ప్రతి బాలుడూ నిన్న చేతకానిది నేడు నేర్చుకొని ఇంటికి వెళ్ళేవాడు.

సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం నిరుపేద. శిక్షణకు నగరం రావడానికి దారిఖర్చు లేదు. రహీం సైకిలు అద్దెకు డబ్బిచ్చి రప్పించారు. ఆ యువకుడే 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు.

రహీం ఓటములనూ చవిచూశారు. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టు, మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవారిలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేండ్లకు మెల్బోర్న్‌లో అదే దేశం సెమీఫైనల్‌లో మళ్ళీ ఓడించింది. భారతదేశానికి నాలుగవ స్థానం దక్కింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీంను క్యాన్సర్ పీడిస్తున్నది. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో ఓటమి ఎదురైంది. ఫైనల్‌లో మళ్ళీ ఆ జట్టే తారసపడింది. తలకు గాయమై కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో నిలిపారు. అతడు గోల్ చేశాడు, పి.కె. బెనర్జీ మరొకటి చేశాడు. భారత్ 2-1తో గెలిచింది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, యాభై మూడేండ్ల వయస్సులో రహీం కన్నుమూశారు.