స్త్రీల బ్రదుకును పాఠముగా చేసిన పండిత రమాబాయి

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మన దేశములో బాలికల పాఠశాలలు అక్కడక్కడ వెలసినవి. పూనా నగరములో 1848 లోనే జోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు అట్టి పాఠశాలను ప్రారంభించిరి. మిషనెరీలును పలుచోట్ల బాలికలకు అక్షరములు, లెక్కలు, కుట్టుపని నేర్పుచుండిరి. అయితే ఆ తరగతి గదులలో కూర్చున్న బాలికల బ్రదుకును గూర్చియు, వారి తల్లుల బ్రదుకును గూర్చియు వాచకములు చాలవరకు మౌనముగానే యుండెను. స్త్రీ జీవితము చదువదగినదనియు, విచారింపదగినదనియు, బోధింపదగినదనియు తన యావజ్జీవ పరిశ్రమచేత చూపినవారిలో పండిత రమాబాయి ముఖ్యురాలు.

ఆమె 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమలలోని గంగమూల అరణ్య ప్రాంతమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. ఆయన విద్యార్థిగా నున్న దినములలో తన గురువు పీష్వా భార్యకు సంస్కృతము బోధించుట చూచి, తన భార్యకును ఆ విద్య నేర్పవలెనని నిశ్చయించుకొనెను. బంధువులు ఒప్పుకొనలేదు. పండితులు ఆయనను సంజాయిషీ అడిగిరి. ఆయన శాస్త్రములనుండియే ప్రమాణములు చూపి, స్త్రీకి సంస్కృత విద్య నిషిద్ధము కాదని వాదించెను. తుదకు జనసమ్మర్దమునకు దూరముగా అడవిలో ఆశ్రమము కట్టుకొని, భార్య లక్ష్మీబాయికి విద్య గరపెను.

రమాబాయికి గురువు ఆ తల్లియే. పగలంతయు ఇంటిపని, అతిథులు, శిష్యులు; తీరిక యన్నది లేదు. కాబట్టి తెల్లవారకమునుపే బిడ్డను నిద్రలేపి, పక్షుల కిలకిలారావముల నడుమ శ్లోకములు వల్లె వేయించెడిది. ఒక స్త్రీ మరియొక స్త్రీకి తన తీరికలేని బ్రదుకులో ఒక గడియ మిగుల్చుకొని విద్య నిచ్చుట రమాబాయి చూచిన మొదటి పాఠశాల. అనేక సంవత్సరముల తరువాత తాను ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథమును ఆమె ఆ తల్లి జ్ఞాపకార్థము అంకితము చేసెను.

ఆశ్రమ జీవితము ఎంతోకాలము సాగలేదు. అప్పులపాలైన ఆ కుటుంబము పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణ పఠనముచేత జీవించెను. 1870ల నడిమి కాలమున దక్షిణ దేశమున కరవు వచ్చెను. తిరుపతి కొండల ప్రాంతములో చేతిలోని చివరి గింజయు అయిపోగా, వారు అడవిలో పదునొకండు దినములు నీళ్లతోను ఆకులతోను ప్రాణములు నిలుపుకొనిరి. తండ్రి మరణించెను, తల్లియు, అక్కయు ఆయనను వెంబడించిరి. మిగిలిన అన్న శ్రీనివాసుడును రమాబాయియు వేలకొలది మైళ్లు కాలినడకను తిరిగి, 1878 లో కలకత్తా చేరిరి.

అచ్చటి పండితులు ఇరువదియేండ్ల ఆ యువతిని పరీక్షించి, ఆశ్చర్యపడి, పండిత యనియు సరస్వతి యనియు బిరుదముల నిచ్చిరి. స్త్రీల ధర్మములను గూర్చి స్త్రీల సభలలో ఉపన్యసింపుమని వారే ఆమెను కోరిరి. ఆ పని నిమిత్తము ఆమె ధర్మశాస్త్రములను శ్రద్ధగా చదువనారంభించెను. తక్కిన ప్రతి విషయములోను ఆ గ్రంథములు ఒకదానితో నొకటి విభేదించుచుండగా, స్త్రీ స్వభావము హీనమైనదను విషయములో మాత్రము అన్నియు ఏకమగుచున్నట్లు ఆమెకు కనబడెను. ఇతరులకు బోధించుటకై తెరచిన గ్రంథము ఆమెనే ప్రశ్నింపసాగెను. బిరుదముల నిచ్చిన విద్యయే తనవంటివారికి మోక్షద్వారము మూసివేయుట ఆమె చూచెను. చదివినదానిని వల్లించుటతో తృప్తిపడక, అందులో స్త్రీని గూర్చి ఏమి చెప్పబడినదో విచారించుట ఆనాటినుండి ఆమెకు అలవాటయ్యెను.

1880 లో అన్న మరణించెను. అదే సంవత్సరమున ఆమె బెంగాలీ న్యాయవాదియైన బిపిన్ బిహారీ మేధావిని కులభేదము పాటింపక వివాహమాడెను. 1881 లో మనోరమ జన్మించెను. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాచేత మరణించెను. ఇరువది నాలుగేండ్లు నిండకమునుపే రమాబాయి విధవరాలై, చంటిబిడ్డతో నిలిచెను. అంతవరకు గ్రంథములలో చదివిన విధవ బ్రదుకు ఇప్పుడు ఆమె స్వంత బ్రదుకాయెను.

ఆ సంవత్సరమే ఆమె పూనా చేరి, ఆర్య మహిళా సమాజమును స్థాపించి, మరాఠీలో స్త్రీధర్మనీతి అను గ్రంథమును ప్రకటించెను. స్త్రీలు తమ కాళ్లమీద తాము నిలువవలెననియు, విద్య లేక అది సాధ్యపడదనియు అందులో వారికి బోధించెను. ప్రభుత్వము నియమించిన హంటర్ విద్యా సంఘము పూనాకు వచ్చినప్పుడు ఆమె సాక్ష్యమిచ్చెను. బాలికలకు స్త్రీలే ఉపాధ్యాయినులుగా నుండవలెననియు, వారికి శిక్షణయు తగిన జీతమును ఇవ్వవలెననియు, బాలికల పాఠశాలలను తనిఖీ చేయుటకు స్త్రీలనే నియమింపవలెననియు, స్త్రీలకు వైద్యవిద్య అత్యవసరమనియు విన్నవించెను. ఈ కోరికల వెనుక ఒక ఎరుక యున్నది: ఆనాటి బాలిక తన కష్టమును పురుషుని యెదుట నోరు విప్పి చెప్పజాలదు.

గ్రంథ విక్రయము వలన వచ్చిన సొమ్ము తోడ్పడగా, 1883 లో ఆమె కుమార్తెతో ఇంగ్లండు వెళ్లెను. వాంటేజిలోని సహోదరీల ఆశ్రమమున నుండి, ఆ సెప్టెంబరు 29న బాప్తిస్మము పొందెను. పతితులైన స్త్రీలను ఆ సహోదరీలు ప్రేమతో చేరదీయుటయు, సమరయ స్త్రీతో ప్రభువు మాటాడిన వృత్తాంతమును ఆమె హృదయమును కదలించెను. ధర్మశాస్త్రములలో తాను వెదకి కానలేని ద్వారము, ఒక బావియొద్ద ఒక స్త్రీకి తెరువబడుట ఆమె చూచెను.

అయినను క్రైస్తవ లోకములోను ఆమెకు అడ్డంకులు రాకపోలేదు. చెల్టెన్‌హామ్ స్త్రీల కళాశాలలో ఆమె చదువుకొనుచు సంస్కృతము బోధించుచుండెను. పురుష విద్యార్థులకును ఆమె బోధించు ప్రస్తావన వచ్చినప్పుడు, అది భారతదేశములో ఆమెకున్న గౌరవమును చెరచునని ఇక్కడి బిషప్పులు అభ్యంతరము చెప్పిరి. ఆమె నొచ్చుకొనెను. తండ్రిని పండితులు అడిగిన ప్రశ్నయే కుమార్తెను సంఘాధికారులు మరియొక రూపమున అడిగిరి. విశ్వాసమును స్వీకరించితిని గాని మనస్సాక్షిని ఇతరుల చేతికి అప్పగింపలేదని ఆమె తన ఉత్తరములలో మర్యాదగాను స్థిరముగాను తెలియజేసెను.

1886 లో తన బంధువైన ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్య పట్టము పొందుట చూచుటకై అమెరికా వెళ్లి, ఇంచుమించు మూడేండ్లు అక్కడ నిలిచెను. ఫ్రోబెల్ ప్రవేశపెట్టిన శిశువిద్యా పద్ధతిని నేర్చుకొనెను. మరాఠీ బాలికల కొరకు వాచకములు సిద్ధపరచుటకు పూనుకొనెను. 1887 లో అగ్రకుల హిందూ స్త్రీని గూర్చిన ఆమె ఇంగ్లీషు గ్రంథము అచ్చట వెలువడెను. బాల్యము, వివాహ జీవితము, మతములోను సమాజములోను స్త్రీ స్థానము, వైధవ్యము అను క్రమమున ఒక స్త్రీ పుట్టుక మొదలుకొని ఆమె బ్రదుకంతయు అందులో వివరింపబడినది. శాస్త్ర వచనములు, జనాభా లెక్కలు, ఆనాటి న్యాయస్థానములో నలుగుచున్న రఖ్మాబాయి వ్యాజ్యము, ఇండ్లలో కన్న సంగతులు ఒకచోట చేర్చబడినవి. జాలి పుట్టించుటతో ఆమె ఆగలేదు. చదువరి విచారించి అర్థము చేసికొనునట్లు వ్రాసెను. ఆ గ్రంథము చదివిన అమెరికావారు 1887 డిసెంబరులో బోస్టనులో రమాబాయి సంఘమును ఏర్పరచి, పదియేండ్లు సహాయము చేయుటకు పూనుకొనిరి.

స్వదేశమునకు వచ్చినపిమ్మట 1889 లో ఆమె అమెరికా ప్రజల స్థితిగతులను గూర్చి మరాఠీలో మరియొక గ్రంథము ప్రకటించెను. అచ్చటి స్త్రీలు విద్య కొరకును, హక్కుల కొరకును ఏలాగు పోరాడి, సంఘములు కట్టుకొనిరో అందులో వివరించెను. ఆ విధముగా భారత స్త్రీల బ్రదుకును అమెరికావారికిని, అమెరికా స్త్రీల బ్రదుకును మహారాష్ట్ర స్త్రీలకును ఆమె పాఠముగా చేసెను. స్త్రీల స్థితి దైవనిర్ణయమని తలవంచినవారికి, అది దేశకాలములనుబట్టి మారునని తెలియుటయే గొప్ప విడుదల.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనము తెరువబడెను. మొదటి విద్యార్థినులలో గోదూబాయి అను బాల్యవిధవ యొకతె. ఆ సదనములో తల గొరిగింపబడిన బాలికలు తిరిగి జుట్టు పెంచుకొనిరి, తోటలో తిరిగిరి, పుష్పముల పేళ్లును, దేశముల పేళ్లును నేర్చిరి. వారి ఆచారములకు భంగము కలుగకుండ భోజనాదులు ఏర్పరుపబడెను. అన్నిటికంటె ముఖ్యముగా, అశుభమని ఇంట మూల కూర్చుండబెట్టబడిన బాలిక, తన బ్రదుకునకు కారణము తన పాపము కాదనియు, మనుష్యులు కట్టిన కట్టుబాటనియు తెలిసికొనెను. గోదూబాయి తరువాత 1893 లో ఆచార్య కర్వేను పునర్వివాహము చేసికొనెను. ఆ కర్వేయే 1896 లో విధవల ఆశ్రమమును, 1916 లో మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించెను.

సదనము 1890 లో పూనాకు మార్చబడెను. మతబోధ నిర్బంధము లేదను ఒడంబడికను రమాబాయి పాటించెను. అయితే తాను ప్రార్థించునప్పుడు తన గది తలుపు మూయలేదు. కొందరు బాలికలు తమంతట తామే వచ్చి కూర్చుండిరి. 1893 లో ఈ సంగతి పెద్ద వివాదమాయెను. ఇరువదికి పైగా బాలికలను పెద్దలు తీసికొనిపోయిరి. రానడే, భండార్కర్ వంటి సలహాదారులు తప్పుకొనిరి. ఇరుపక్షములకును తమ తమ న్యాయము కలదు. తల్లిదండ్రులు నమ్మకము చెడినదనిరి. బాలికకును స్వంత మనస్సు కలదని రమాబాయి నమ్మెను. స్త్రీకి విచారించుట నేర్పినవారు, ఆమె విచారణ ఎచ్చటికి పోవునో ముందుగా నిర్ణయింపజాలరు. ఈ మూల్యము చెల్లించుటకు వెనుదీయువారు ఆ విద్యను ఆరంభింపనే జాలరు.

1896-97 లో మధ్య పరగణాలలో కరవు రాగా, ఒకనాడు తానే ఆకులు తిని బ్రదికిన రమాబాయి అచ్చటికి వెళ్లి, వందలకొలది బాలికలను కాపాడెను. పూనాకు తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరములోని కేడ్‌గాఁవ్‌లో ముక్తి సదనము వెలసెను. 1900 లో గుజరాతు కరవు బాధితులు చేరగా, అచ్చటి నివాసుల సంఖ్య రెండువేలకు సమీపించెను. అక్షరములతోపాటు నేత, వ్యవసాయము, రోగుల పరిచర్య, అచ్చుపని నేర్పబడెను. అంధులకు మనోరమ బ్రెయిలీ లిపి నేర్పెను. మోసపోయిన స్త్రీలకు కృపా సదనము ఏర్పడెను. నాటి నిజాము రాజ్యములోని గుల్బర్గాలోను 1912 ప్రాంతమున మనోరమ సహాయముతో బాలికల పాఠశాల స్థాపింపబడెను.

ఆమె చివరి మహాకార్యము బైబిలు అనువాదము. అప్పటి మరాఠీ బైబిలు సంస్కృత పదభూయిష్ఠమై, పల్లెటూరి స్త్రీకి దురవగాహముగా నుండెనని ఆమె తలంచెను. పదునెనిమిదివేల శ్లోకములు కంఠస్థము చేసిన పండితురాలు, ఆ పాండిత్యమును ప్రక్కనపెట్టి, సాధారణ స్త్రీ నోటి మాటలను వెదకెను. హెబ్రీ గ్రీకు మూలములను పరిశీలించుచు పదునెనిమిదేండ్ల కాలము శ్రమించెను. ఆ అనువాదములో భాషాలాలిత్యము కొరవడినదన్న విమర్శ లేకపోలేదు. అయినను ఎవరి కొరకు అనువదించుచున్నామను ప్రశ్నను ఆమెవలె స్పష్టముగా అడిగినవారు అరుదు. అక్షరములు కూర్చినవారును, అచ్చు వేసినవారును ముక్తి సదనపు స్త్రీలే. ఒకప్పుడు వేదాక్షరము వినుటకును అర్హత లేదనబడిన స్త్రీ, దేవుని వాక్యమును అనువదించి, కూర్చి, ముద్రించి ఇచ్చెను.

1921 జూలైలో మనోరమ మరణించెను. కడుపుకోతను సహించి, రమాబాయి చివరి అచ్చుప్రతులను సరిచూచెను. 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించెను. సంపూర్ణ గ్రంథము 1924 లో వెలువడెను. 1989 లో భారత ప్రభుత్వము ఆమె జ్ఞాపకార్థము తపాలా బిళ్లను విడుదల చేసెను.

ప్రియ చదువరులారా, రమాబాయిని పొగడుట సులభము. ఆమె అడిగిన ప్రశ్నకు ఉత్తరమిచ్చుట కష్టము. మన పాఠశాలలలోను, సండేస్కూలు తరగతులలోను పిల్లలు ఎవరి జీవితములను చదువుచున్నారు? రాజులు, సేనాపతులు, ప్రవక్తలు, అపొస్తలులు వారికి తెలియుదురు. దెబోరా, హుల్దా, లుదియ, ప్రిస్కిల్ల అను పేళ్లు వారిలో ఎందరికి తెలియును? తెలుగు పల్లెలలో ఇంటింటికి నడచి, ఆడువారికి అక్షరములును సువార్తయు నేర్పిన బైబిలు స్త్రీలలో అనేకుల చరిత్ర వ్రాయబడనే లేదు. వారిని ఎరిగిన వృద్ధులు ఇంకను కొందరు మిగిలియున్నారు. ఉపాధ్యాయుడు తన తరగతి బాలబాలికలను ఆ వృద్ధులయొద్దకు పంపి, వారి అవ్వల బ్రదుకును విని వ్రాసికొని రమ్మనినయెడల, ఆ పలకలమీద మన సంఘ చరిత్రలో కొరవడిన పుటలు వ్రాయబడును. తెల్లవారకమునుపు ఒక తల్లి తన బిడ్డను నిద్రలేపి నేర్పిన పాఠము ఎంత దూరము పోయెనో రమాబాయి జీవితమే సాక్ష్యము.