మంచుకు, మన వానకు ముడి వేసిన బ్లాన్‌ఫర్డ్

గోదావరిఖని, రామగుండం చుట్టుపక్కల యాసంగి వరి కోతకొచ్చే వేళ రాళ్ల వాన పడితే, ఆరు నెలల కష్టం గంటలో నేలపాలవుతుంది. వాన, వడగండ్లు, మంచు అన్నీ నీరే అయినా పుట్టే తీరు వేరు. మన దేశంలో వానలకు, మంచుకు ఉన్న సంబంధాన్ని గమనించినవారిలో మొదట చెప్పాల్సిన పేరు హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫర్డ్.

ఆయన 1834లో లండన్‌లో పుట్టారు. 1855లో జియొలాజికల్ సర్వేలో చేరి, అన్న విలియంతో కలిసి ఒడిశాలోని తాల్చేరు బొగ్గు ప్రాంతంలో సర్వే చేశారు. బొగ్గు పొరల అడుగున ఉన్న పెద్ద గుండ్లు ఒకప్పుడు మంచుగడ్డలు మోసుకొచ్చినవని ఆ సర్వేలో తేల్చారు. మన గోదావరి లోయ బొగ్గు కిందా ఆ తాల్చేరు పొరలే ఉన్నాయి. అంటే సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడా మంచు ఉండేదన్నమాట.

1862లో ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరారు. 1864 తుపాను కలకత్తాను ముంచాక వాతావరణంపై దృష్టి పెట్టారు. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు తొలి అధిపతి ఆయనే. మరుసటి ఏడాది మొదలైన కరువుకు దక్షిణాదిలో 50 లక్షలకు పైగా జనం చనిపోయారు. వానను ముందుగా చెప్పగలమా అని ఆయన వెతికారు. హిమాలయాల్లో మంచు ఎక్కువగా, ఆలస్యంగా కురిస్తే నైరుతి వానలు తగ్గవచ్చని 1884లో రాశారు. 1886 జూన్ 4న తొలి రుతుపవన అంచనా వెలువడింది. మంచు ఒక్కటే చాలదని తర్వాత తేలినా, వాతావరణ శాఖ ఇప్పటికీ దాన్ని గమనిస్తుంది. ఆయన 1893లో కన్నుమూశారు.

రైతులు తెలుసుకోవాల్సింది:

- మంచు: మేఘంలో ఆవిరి నేరుగా స్ఫటికాలవుతుంది. నేల దాకా చలి ఉంటేనే మంచుగా పడుతుంది, లేకపోతే కరిగి వానవుతుంది.
- వడగండ్లు: ఎండాకాలపు ఎత్తైన ఉరుము మేఘాల్లో గాలి చినుకులను పైకి ఎత్తి గడ్డకట్టిస్తుంది. అందుకే మండుటెండల్లోనూ రాళ్లు పడతాయి.
- పొద్దుటి మంచు: ఇది పైనుంచి కురవదు. నేల దగ్గరి ఆవిరే ఆకులపై నీరవుతుంది.

రుతుపవన అంచనా సీజన్ మొత్తం వానకే, రాళ్ల వానకు పనికిరాదు. మార్చి నుంచి మే వరకు మేఘదూత్ యాప్‌లో హెచ్చరికలు రోజూ చూడండి. పండిన వరిని ఆలస్యం చేయకుండా కోయండి. గింజ తడిస్తే మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులపై పిచికారీ చేయండి. నష్టం జరిగితే వెంటనే ఏఈవోకు చెప్పండి.